మూడు మిస్డ్ కాల్స్

పెసరట్టు తిరగేసినంత తేలిగ్గా మాట తిరగెయ్యడం సుబ్బాయమ్మకి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ ఉదయం పొయ్యి ముందు నిలబడి, "నువ్వు ఏ కంపెనీ ఫోను పెట్టుకుంటే నాకేంట్రా? అన్నీ నన్నడిగే చేస్తున్నావా ఏంటి?" అంది. అట్టు తిరగేసి, "ఇప్పుడున్న కంపెనీ మాత్రం మార్చడానికి వీల్లేదు" అంది.

ఏలూరు సత్రంపాడులో వాళ్ళ డాబా. హాల్లో ఆవిడ కొడుకు ఫణికిరణ్, వాడికి ఎదురుగా సెల్ షాపు వీర్రాజు కూర్చుని ఉన్నారు. వీర్రాజు దూరపు చుట్టం, సుబ్బాయమ్మని పిన్నిగారూ అంటాడు. షాపు తెరిచే ముందు రెండు కంపెనీల ప్లాన్లూ చేతిసంచీలో వేసుకుని ఇంటికే వచ్చాడు. వరండాలో ఆవిడ భర్త కోదండరామయ్య పేపరు చదువుతున్నాడు. ఇంట్లో మాట పెరిగినప్పుడల్లా ఆయనకి పేపర్లో చదవాల్సినవి ఎక్కువవుతాయి. కోడలు భాగ్యశ్రీకి అయిదో నెల. వంటింటి గట్టు దగ్గర చట్నీకి తాలింపు వేస్తోంది.

కొల్లేట్లో సర్కారు చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది వీళ్ళ చేపల చెరువు కూడా పోయింది. చెరువు పని తప్ప ఇంకో పని తెలియని ఫణి, మస్కట్‌లో రొయ్యపిల్లల్ని పెంచే ఒక హేచరీ కంపెనీలో చేరాడు. ఆ కంపెనీకి మడగాస్కర్‌లో ఒకటి, చిట్టగాంగ్‌లో ఒకటి హేచరీలున్నాయి. ఎక్కడ రొయ్యపిల్లలకి జబ్బు చేస్తే అక్కడికి వీణ్ణి విమానం ఎక్కించేస్తారు. నెలకో దేశం, దేశానికో సిమ్ము. ఏ నంబరుకి చేస్తే దొరుకుతాడో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. అందుకని పోయినేడు వీర్రాజు సలహా మీద ఆకుపచ్చ బోర్డు కంపెనీ రోమింగు సిమ్ము తీసుకున్నాడు. ఏ దేశంలో ఉన్నా అదే నంబరు మోగుతుంది. కాకపోతే అక్కడ ఫోను ఎత్తితే చాలు, రెండు నిమిషాలకయ్యే ఖర్చుతో ఇక్కడ వారానికి సరిపడా కూరగాయలొస్తాయి. కాబట్టి ఎత్తకూడదు. ఒకసారి మోగించి కట్ చేస్తే, తీరికైనప్పుడు చెయ్యమని అర్థం. వరసగా మూడు మిస్డ్ కాల్స్ ఇస్తే, ఎక్కడున్నా చేతిలో పని వదిలేసి వెంటనే చెయ్యమని అర్థం. వాడు అక్కడ కార్డు కొనుక్కుని చౌకగా తిరిగి చేస్తాడు.

పద్ధతి మంచిదే. దాన్ని తీసుకెళ్ళి సుబ్బాయమ్మ చేతిలో పెట్టడమే పొరపాటు.

ఒక మిస్డ్ కాల్‌కి కొడుకు సాయంత్రానికో మర్నాటికో చేస్తాడనీ, మూడిస్తే పావుగంటలో గొంతు వణుకుతూ చేస్తాడనీ ఆవిడ నెల తిరక్కుండానే కనిపెట్టింది. 'అమ్మా, ఏమైంది? నువ్వు బాగానే ఉన్నావా?' అని వాడు కంగారుపడుతుంటే ఆవిడకి మజ్జిగ తాగినంత చల్లగా ఉండేది. ఆ తరవాత ఆ ఇంట్లో మూడు మిస్డ్ కాల్స్‌కి తగని సంగతే లేకుండా పోయింది. గ్యాసు అయిపోవచ్చిందని కోడలు చెప్పలేదు, మూడు. ఏకాదశి పూట గుడ్డు ఉడకబెట్టుకుంది, మూడు. చెప్పకుండా గణపవరం బస్సెక్కి పుట్టింటికి పోయింది, మూడు. చెప్పకుండా అంటే, మావగారికి చెప్పి అత్తగారికి చెప్పకుండా అన్నమాట.

ఇంట్లో ఉన్న ఒకే ఒక్క సెల్ ఫోను ఆవిడ బొడ్లో దోపుకున్న గుడ్డసంచీలో ఉండేది. ఫణి చేసినప్పుడు తను మాట్లాడవలసింది మాట్లాడేశాక, స్పీకరు పెట్టి భాగ్యశ్రీకి ఇచ్చేది. మొగుడూ పెళ్ళాల మాటల్లో తను వినకూడనివి ఏముంటాయని ఆవిడ వాదన. ఆవిడ అలా పక్కన కూర్చుంటే ఉండేవి కూడా కాదు.

"ఆకుపచ్చది మడగాస్కర్లో సరిగ్గా తగలట్లేదంట పిన్నిగారూ" అన్నాడు వీర్రాజు. "హేచరీ ఉన్నది సముద్రం ఒడ్డున పల్లెటూళ్ళో కదండీ. ఊదా బోర్డు వాళ్ళదైతే అక్కడిదాకా సిగ్నలుంది. రోమింగు కూడా తక్కువండి. ఎత్తి మాట్లాడుకోవచ్చు."

"నంబరు ఇదే ఉంటుందా?"

"కంపెనీ మారితే నంబరు మారుతుందండి మరి."

"అయితే వద్దు. ఈ నంబరు నోటికి రావడానికే నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు కళ్ళు మూసుకుని నొక్కుతాను."

"నొక్కడం నీకు బాగానే వచ్చిందమ్మా" అన్నాడు ఫణి. "చిక్కంతా దాంతోనే."

సుబ్బాయమ్మ అట్లకాడ పట్టుకుని హాల్లోకి వచ్చింది. "ఏంట్రా? ఏదో అంటున్నావు?"

ఫణి ప్లేటు పక్కన పెట్టాడు. "చిట్టగాంగ్‌లో ఏమైందో చెప్పనా? ట్యాంకుల దగ్గర డ్యూటీలో ఉన్నాను. నీ మూడు మిస్డ్ కాల్స్ వచ్చాయి. నాన్నకి గుండెనొప్పి వచ్చిందనుకున్నాను. తిరిగి చేద్దామంటే చౌక కార్డుకి షెడ్డులో సిగ్నలు లేదు. గేటు దాటి రోడ్డు మీదకి పరిగెత్తాను. నీతో మాట్లాడి తిరిగొచ్చేసరికి కరెంటు పోయి, గాలి మిషను ఆగిపోయి, రొయ్యపిల్లలన్నీ చచ్చి అడుక్కి పోయాయి. జనరేటరు వెయ్యాల్సింది నేను. నాకివ్వాల్సిన మేనేజరు పోస్టు ఇంకొకడికిచ్చారు. ఇంతకీ ఆరోజు నువ్వెందుకు చేశావో గుర్తుందా?"

"ఎందుకో చేసుంటాను. పనిలేక చేస్తానా?"

"చారులో ఇంగువ ఎక్కువైందని చేశావు."

వీర్రాజు తన సంచీలో ఏదో వెతుక్కోవడం మొదలెట్టాడు. వరండాలో పేపరు ఒక పేజీ తిరిగింది.

ఇంకొకరైతే ఆ మాటకి తల దించుకునేవారు. సుబ్బాయమ్మ తల వంటింటి వైపు తిరిగింది. "నూరిపోసింది నువ్వేనా అమ్మాయ్?"

"నేనేం చెప్పలేదండీ అత్తయ్యగారూ" అంది భాగ్యశ్రీ. "నాకూ ఒక చిన్న ఫోనుంటే బావుంటుందని మాత్రం అడిగాను. ఒక్కదాన్నీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు..."

"నీకెందుకే ఫోను? ఇక్కడ తుమ్మినా దగ్గినా మీ అమ్మకి చేరెయ్యడానికా? లోకంలో ఇంకెవరూ మొయ్యనట్టు ఆ కడుపు అడ్డం పెట్టుకుని నా కొడుకుని నానించి లాగేసుకుందామనుకుంటున్నావా? పోయినసారి మూడో నెలలోనే పోగొట్టుకున్నదానివి. ముందు ఇది నిలబడనియ్. ఫోన్లూ షోకులూ తరవాత చూద్దాం."

భాగ్యశ్రీ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తాలింపు మాడిన వాసన హాలంతా వచ్చింది. అది ఆడవాళ్ళు పగవాళ్ళని కూడా అనని మాట. అన్నాక సుబ్బాయమ్మకీ అది తెలిసింది. కానీ వెనక్కి తీసుకోవడం ఆవిడకి తెలియదు. కొడుకు అరిస్తే బావుణ్ణనుకుంది. వాడు అరిస్తే తను ఏడవచ్చు. తను ఏడిస్తే వాడే బతిమాలతాడు. ఎప్పుడూ జరిగేది అదే.

ఫణి అరవలేదు. తల్లిని కాసేపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"సరేనమ్మా" అన్నాడు. "నీ నంబరు నీకే ఉంటుంది. ఆ సిమ్ము తియ్యను. ఎప్పుడు కావాలంటే అప్పుడు మోగించుకో."

"అదీ మాట!" అంది సుబ్బాయమ్మ. "చూశావా వీర్రాజూ, నా కొడుకు నా మాట కాదనడు." వేడి వేడి పెసరట్టు ఇంకోటి తెచ్చి వాడి ప్లేట్లో వేసింది. వాడు దాన్ని ముట్టుకోలేదు. వీర్రాజుని సాగనంపే నెపంతో బయటికి వెళ్ళి చాలాసేపటికి గానీ లోపలికి రాలేదు. ఆవిడ అదేమీ పట్టించుకోలేదు. నెగ్గినవాళ్ళకి చూపు ఆనదు.

* * *

ఫణి మస్కట్ వెళ్ళిపోయాడు. ఆదివారం ఆదివారం తల్లికి ఫోను చేసేవాడు.

"ఏరా, బుధవారం మూడిచ్చాను. చెయ్యలేదేం?"

"పనిలో ఉన్నానమ్మా."

"నిన్న కూడా ఇచ్చాను."

"నిన్నా పనేనమ్మా. నాన్న బాగున్నారా? ఉంటాను మరి."

గొంతులో కోపం లేదు, కంగారూ లేదు. బ్యాంకు కౌంటర్లో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. సుబ్బాయమ్మకి ఏదో తేడాగా అనిపించేది కానీ, మోగుతోంది కదా అని సరిపెట్టుకునేది. మోగిందంటే వాడి జేబులో మోగినట్టే. చూసుకునే ఉంటాడు. పాపం, ఆ దొరలు ఊపిరి తియ్యనివ్వట్లేదు కాబోలు. అలా అనుకుని ఇంకో మూడు ఇచ్చేది. పొద్దున్న కాఫీ తాగి మూడు, మధ్యాహ్నం కునుకు తీసి లేచి మూడు. కొడుకు పలక్కపోయినా కొడుకు దగ్గర గంట కొట్టి వచ్చిన తృప్తి.

కోడలు మాత్రం ఈ మధ్య దార్లో పడిందని ఆవిడకి సంతోషం. ఎదురు చెప్పట్లేదు. ఫోను ఊసెత్తట్లేదు. అత్తగారు మిస్డ్ కాల్స్ ఇస్తుంటే కంటితో చూసి ఊరుకుంటోంది. "మొదట్లోనే ముకుతాడు వెయ్యాలి అచ్చాయమ్మా, నన్ను చూసి నేర్చుకో" అని పక్కింటావిడకి పాఠం కూడా చెప్పింది.

ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక శుక్రవారం, కోదండరామయ్య తాడేపల్లిగూడెంలో స్నేహితుడి ఇంట్లో గృహప్రవేశానికి వెళ్ళాడు. భాగ్యశ్రీ పొద్దున్నించీ తల పట్టుకుని తిరుగుతోంది. కాళ్ళు వాచి చెప్పులు పట్టట్లేదు.

"తల పగిలిపోతోందండీ అత్తయ్యగారూ. కళ్ళు కూడా మసగ్గా ఉన్నాయి. ఒకసారి డాక్టరు గారికి చూపించుకుంటానండి."

"నాకూ ఉంది తలనొప్పి. నేనెవరికి చూపించుకోను? ఆ పప్పు రుబ్బేసి పడుకో, అదే పోతుంది."

భాగ్యశ్రీ పప్పు గ్రైండర్లో వేసింది. పప్పు నలుగుతుండగానే వంటింట్లో ఏదో పడ్డ చప్పుడైంది. సుబ్బాయమ్మ గిన్నె పడేసిందనుకుని, తిట్టడానికి మాట సిద్ధం చేసుకుంటూ వెళ్ళింది. కోడలు నేల మీద పడి కొట్టుకుంటోంది. నోట్లోంచి నురగ వస్తోంది.

అచ్చాయమ్మ పరిగెత్తుకొచ్చి ఆటో పిలిచింది. నర్సింగ్ హోములో డాక్టరమ్మ బీపీ చూసి అదిరిపడింది. "ఇంతదాకా ఏం చేస్తున్నారండీ? తలనొప్పి అని చెప్పలేదా? వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. ఇద్దర్నీ దక్కిస్తామని మాటివ్వలేను. భర్తకి చెప్పండి" అంది. సుబ్బాయమ్మ సంతకం పెట్టి, బొడ్లోంచి ఫోను తీసింది.

వరసగా మూడు మిస్డ్ కాల్స్ ఇచ్చింది. పలకలేదు. ఇంకో మూడు ఇచ్చింది. కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరిగింది. ఈసారి కట్ చెయ్యకుండా మోగనిచ్చింది. ఆగిపోతే మళ్ళీ నొక్కింది, మళ్ళీ నొక్కింది. 'ఒరే నాయనా, ఎత్తరా, ఇది అలాంటిది కాదురా' అని గొణుక్కుంటూ నొక్కింది. చివరికి ఎవరో ఎత్తారు.

"హలో, ఎవరండీ?" నిద్ర గొంతు, ఫణిది కాదు.

"నువ్వెవరు బాబూ? ఫణి ఏడీ?"

"ఆయన మడగాస్కర్ వెళ్ళి నెలవుతోందండి. నేను ఆయన గదిలోనే ఉంటానండి. విజయ్ కుమార్ అంటారు, మాది భీమడోలు."

"ఫోను మర్చిపోయి వెళ్ళాడా?"

"లేదండీ, ఇదెప్పుడూ ఇక్కడే షెల్ఫులో ఉంటుందండి. ఛార్జింగు మాత్రం పెడుతూ ఉండమన్నారు. మోగితే ఎత్తొద్దన్నారండి, ఇది వాళ్ళమ్మగారి కోసం ఉంచిందంట." అవతల ఎవరో ఆ అమాయకుడికి ఇంకా తట్టలేదు. "ఇవాళ శుక్రవారం, మాకు సెలవండి. పడుకుందామంటే ఆగకుండా మోగుతోందని ఎత్తాను. రోజూ మోగుతూనే ఉంటుందండి ఇది. 'అమ్మగారొచ్చారు, లేచి నిలబడండ్రా' అని మా గదిలో వాళ్ళు నవ్వుకుంటారు కూడానూ. ఇంతకీ మీరెవరండీ?"

సుబ్బాయమ్మ ఆ ప్రశ్న దాటేసింది.

"వాడి అసలు నంబరు ఉందా బాబూ నీ దగ్గర?"

"లేదండీ. ఊదా బోర్డు కంపెనీది తీసుకున్నారంట, అక్కడ అదే వాడతారు. మాకివ్వలేదు. ఇంట్లోవాళ్ళందరికీ తెలుసన్నారే!"

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. ఆ రెండోవాడు తన కడుపునే పుడతాడని సుబ్బాయమ్మ ఎన్నడూ అనుకోలేదు. ఇన్ని నెలలుగా తను గంట కొట్టింది ఎవరూ లేని గుమ్మం ముందు. ఆ గుమ్మంలో పరాయి కుర్రాళ్ళు కూర్చుని నవ్వుకున్నారు.

"భాగ్యశ్రీగారి తాలూకా ఎవరండీ?" అంటూ నర్సు వచ్చింది. లోపల తీసేసిన గాజులూ గొలుసూ రుమాల్లో చుట్టి తెచ్చింది. వాటితో పాటు చిన్న సెల్ ఫోను ఒకటి. "ఇది లంగా జేబులో ఉందండి. జాగర్త పెట్టుకోండి."

సుబ్బాయమ్మ ఆ ఫోను ఎప్పుడూ చూడలేదు. తన ఇంట్లో, తన కళ్ళ ముందు తిరిగే మనిషి ఒంటి మీద, తను చూడని ఫోను. అప్పుడే స్ట్రెచరు మీద భాగ్యశ్రీని థియేటరు వైపు తోసుకొస్తున్నారు. కొంచెం తెలివొచ్చింది. మూతపడుతున్న కళ్ళతో అత్తగారి చేతిలో ఫోను చూసింది.

"ఆ ఒక్కటీ నాది అనుకున్నానండీ" అంది. మాట ముద్దగా వచ్చింది. కాసేపాగి, "చెయ్యండి. ఎత్తుతారు" అంది. థియేటరు తలుపులు మూసుకున్నాయి.

అందులో ఉన్నది ఒక్కటే పేరు. నొక్కింది. ఒక్కసారి మోగిందో లేదో, ఎత్తాడు.

"శ్రీ! తిన్నావా? కాళ్ళ వాపు తగ్గిందా? నిన్నట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను. ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్ళావా లేదా? ఏంటి, మాట్లాడవేం? అలిగావా?"

సుబ్బాయమ్మ వింటూ నిలబడింది. ఆ గొంతు ఆవిడకి తెలుసు. పదేళ్ళప్పుడు జ్వరం వచ్చి తన ఒళ్ళో పడుకున్నప్పుడు వాడి గొంతు ఇలాగే ఉండేది. అది ఎప్పుడో పోయిందనుకుంది. పెద్దవాళ్ళయ్యాక మగపిల్లల గొంతులు మారిపోతాయనుకుంది. పోలేదు, ఇక్కడే ఉంది. తనకి ఇవ్వడం మానేశాడంతే.

"శ్రీ?"

"నేన్రా" అంది.

అవతల నుంచి ఆదివారం ఆదివారం వినే గొంతు వచ్చింది. "ఈ నంబరు నీకెవరిచ్చారు?"

"ఒరే, అమ్మాయికి ఫిట్స్ వచ్చాయిరా. ఆస్పత్రిలో ఉన్నాం. ఆపరేషన్ చేస్తున్నారు. ఇద్దర్లో..."

"అమ్మా." వాడి గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఇది నిజమేనా?"

"నిజంరా! నీ మీద ఒట్టు, నిజం!"

"నా మీద ఒట్టు చాలాసార్లు విన్నాను. పక్కన నర్సెవరైనా ఉంటే ఫోనివ్వు."

ఆ ఫోనుని నర్సుకి అందించడానికి నాలుగడుగులు వెయ్యాలి. సుబ్బాయమ్మ ఆ నాలుగూ వేసి ఇచ్చింది. "అవునండీ, నిజమేనండీ, మీ అమ్మగారు చెప్పింది నిజమే" అని నర్సు అంటుంటే, దొంగతనం అంటగట్టిన మనిషికి ఎవరో సాక్ష్యం చెబుతున్నట్టు పక్కనే నిలబడింది. నర్సు చెప్పాక ఫోన్లోంచి వాడి ఏడుపు బయటికి కూడా వినిపించింది.

* * *

ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత ఉందని అద్దాల పెట్టెలో పెట్టారు. తల్లికి గండం గడిచిందని చెప్పి డాక్టరమ్మ వెళ్ళిపోయింది.

అచ్చాయమ్మ పంపిన కబురు అంది, కోదండరామయ్య సాయంత్రం రైలు దిగి, స్టేషన్ నుంచి తిన్నగా ఆస్పత్రికి వచ్చాడు. పిల్లని చూసి కళ్ళు తుడుచుకుని, "ఫణికి చెప్పారా? అమ్మాయి ఊదా కంపెనీ ఫోన్లోంచేనా?" అన్నాడు. అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

సుబ్బాయమ్మ మొగుడి వైపు చూసింది. "మీకూ తెలుసా?"

"తెలుసు. వీర్రాజు ఆ రోజే బయట వాడికి ఊదా సిమ్మూ, అమ్మాయికో ఫోనూ ఇచ్చాడు."

"అంటే నాకొక్కదానికే తెలీదా ఏవండీ?"

ఆయన ముప్ఫయ్యేళ్ళుగా పేపరు వెనకాల దాక్కున్న మనిషి. అప్పుడు చేతిలో పేపరు లేదు. "నీకు తెలియకూడదనే కదే ఇంత బాగోతమూనూ" అన్నాడు. "నువ్వు మోగించుకుంటుంటే ఇల్లు ప్రశాంతంగా ఉండేది. అందుకని ఊరుకున్నాను."

సుబ్బాయమ్మ బెంచీ మీద కూర్చుంది. అలవాటుగా ఏడుద్దామనుకుంది. ఎవరు చూసి వస్తారని ఏడవాలో తెలియలేదు.

మర్నాడు కోడలు మంచం దగ్గరికి వెళ్ళి ఫోను తలగడ కింద పెట్టింది. భాగ్యశ్రీ కళ్ళు తెరిచింది.

"నన్నేమీ అడగరా?"

"అడగను."

"పాత ఫోను అలా షెల్ఫులో పెట్టడం ఆయన ఆలోచనేనండీ. నేను చెప్పలేదు. కానీ వద్దని కూడా అనలేదు." పెదాలు ఎండిపోయి మాట ఆగి ఆగి వస్తోంది. "మీరు రోజూ మోగించి, ఎదురుచూస్తూ కూర్చునేవారు కదా. వంటింట్లోంచి చూసేదాన్ని. మొదట్లో నవ్వొచ్చేదండీ. 'పోయినసారి పోగొట్టుకున్నదానివి' అన్నారు చూడండి, అది గుర్తు తెచ్చుకుని మరీ నవ్వుకునేదాన్ని. తరవాత్తరవాత నవ్వు రాలేదు. అయినా చెప్పలేదు."

కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు సుబ్బాయమ్మకి. గ్లాసులో నీళ్ళు పోసి, చెంచాతో కోడలి పెదాలు తడిపింది.

"నేనన్నది మనిషి అనే మాట కాదే అమ్మాయ్" అంది చివరికి. "నిన్న నువ్వు తలనొప్పంటే పప్పు రుబ్బమన్నాను. నిన్ను చంపేసేదాన్ని."

భాగ్యశ్రీ ఇంకో చెంచా నీళ్ళ కోసం నోరు తెరిచింది.

* * *

పిల్లని ఇంటికి తెచ్చారు. రొయ్యపిల్లల బ్యాచ్ మధ్యలో ఉంది కాబట్టి వచ్చే నెల గానీ సెలవు దొరకదని ఫణి చెప్పాడు. చెప్పింది తండ్రికి. తల్లికి ఆ ఆదివారం ఫోను రాలేదు. తరవాతి ఆదివారమూ రాలేదు. నాటకం బయటపడ్డాక ఇంక వేషం ఎందుకనుకున్నాడు కాబోలు.

సుబ్బాయమ్మ మళ్ళీ మిస్డ్ కాల్ ఇవ్వలేదు. గుడ్డసంచీ విప్పి ఫోను టీవీ పక్కన పెట్టేసింది. మధ్యాహ్నం పూట చేతులు ఊరికే దాని వైపు వెళ్ళేవి. ఎవరి గదిలోనో కుర్రాళ్ళు లేచి నిలబడుతున్నట్టు అనిపించి వెనక్కి తీసుకునేది. కొత్త నంబరు ఇప్పుడు ఆవిడకి తెలుసు. ఆస్పత్రిలో చూసిన ఆ ఒక్కసారికే నోటికొచ్చేసింది. తెలిసీ నొక్కలేకపోవడం ఎలా ఉంటుందో కూడా తెలిసింది.

ఒక సాయంత్రం పిల్లకి స్నానం చేయించి, సాంబ్రాణి వేసి, తల్లి పక్కన పడుకోబెట్టింది. వెళ్ళబోయి గుమ్మంలో ఆగింది. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"అమ్మాయ్, వాడితో ఒకసారి మాట్లాడొచ్చా? కోప్పడతాడంటే వద్దులే."

భాగ్యశ్రీ తలగడ కింద నుంచి ఫోను తీసి, నంబరు నొక్కి, అత్తగారి చేతిలో పెట్టింది. పిల్లని ఎత్తుకుని, కుట్లు నొప్పి పెడుతున్నా మెల్లగా లేచి, వరండాలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"శ్రీ, పాప పాలు తాగిందా?"

"నేన్రా" అంది సుబ్బాయమ్మ. వాడు ఏమీ అనకముందే గబగబా చెప్పింది. "కంగారుపడకు. ఏమీ కాలేదు. అమ్మాయి బాగుంది. పిల్ల బాగుంది. మీ నాన్న బాగున్నారు. నాకూ ఏ రోగమూ లేదు. ఏమీ లేదురా, ఊరికే చేశాను."

అవతల జనరేటరు చప్పుడు వినిపిస్తోంది. వాడు పెట్టేస్తాడనుకుంది. పెట్టేస్తే పెట్టేశాడులే, గొంతు విన్నాను కదా అనుకుంది. ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని నిలబడింది.

"ఊరికేనా?" అన్నాడు ఫణి.

"ఊరికేరా. నీ గొంతు వినాలనిపించి."

జనరేటరు చప్పుడు దూరమైంది, వాడు ఫోను పట్టుకుని పక్కకి నడిచినట్టుంది.

"తిన్నావా అమ్మా?"

ఆ మాట కోసం ఆవిడ ఎన్ని రోగాలు తెచ్చిపెట్టుకుందో, ఎన్ని ఒట్లు పెట్టిందో, ఎంతమందిని ఏడిపించిందో లెక్కలేదు. ఇప్పుడు అడక్కుండా వచ్చింది. నిజానికి ఆవిడ పొద్దున్నించీ ఏమీ తినలేదు. పిల్ల పనితోనే సరిపోయింది. ఆ సంగతి చెబితే వాడు కంగారుపడతాడు, ఎందుకు తినలేదని అడుగుతాడు, ఇంకాసేపు మాట్లాడతాడు.

"తిన్నాన్రా" అంది సుబ్బాయమ్మ. "కడుపు నిండా తిన్నాను. నువ్వు పని చూసుకో."

తనే ముందుగా ఫోను పెట్టేసింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వరండాలోకి వినపడకుండా, చాలాసేపు ఏడ్చింది.